ఎండ, వస్త్రం, లేపనం: బాలల చర్మరక్షణ

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాల సందర్భంగా తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బదియైదు సంవత్సరాల విద్యాయాత్రను స్మరించుకొనే ఈ శుభ సమయంలో ఎండను గూర్చి, చర్మానికి పూసే ఒక లేపనాన్ని గూర్చి ప్రసంగించడం కొందరికి వింతగా తోచవచ్చును. అయితే విద్యాలయానికి వచ్చే బిడ్డ పుస్తకాల సంచితో పాటు తన శరీరాన్ని కూడా వెంట తెచ్చుకుంటాడు. ఆ శరీరాన్ని పదిలంగా ఇంటికి పంపడం కూడా విద్యాలయ ధర్మమే. ఫాల్గుణం దాటి ఎండలు ముదరగానే తల్లుల నోట వినవచ్చే ప్రశ్న ఒకటి ఉన్నది: "పిల్లలకు సన్‌స్క్రీన్ రాయవచ్చునా? రాస్తే ఏదైనా హాని జరుగుతుందా? రాయకపోతే నష్టమా?" ఈ ప్రశ్న సముచితమైనది. దానికి సమాధానం కూడా ఉన్నది. కాని చాలాసార్లు ఈ ప్రశ్న వెనుక మరొక ప్రశ్న దాగి ఉంటుంది: "రాస్తే పిల్ల నల్లబడకుండా ఉంటుందా?" మొదటి ప్రశ్న ఆరోగ్యానికి సంబంధించినది. రెండవది రంగుకు సంబంధించినది. ఈ రెండింటినీ వేరు చేయగలిగితే సగం చిక్కు విడిపోయినట్లే.

పేరు వినగానే తెలుగు చెవికి జంట బావులు స్ఫురించే ఈ జోడ్‌భావి పేటలో ఎండ కొత్త విషయం కాదు. కరీంనగర్, వరంగల్, నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల నుండి బ్రతుకుతెరువు వెదుక్కుంటూ షోలాపూర్ చేరిన పద్మశాలి కుటుంబాల పెద్దలు ఎండలో నడిచి వచ్చినవారే. మగవారికి తలపాగా, ఆడవారికి తలమీది కొంగు, పసివారికి తల్లి చెంగు: ఇవే వారి రక్షణ సాధనాలు. నాడు సన్‌స్క్రీన్ లేదు. నేడు మందుల దుకాణంలోను, కిరాణా కొట్టులో చిన్న ప్యాకెట్లుగాను దొరుకుతున్నది. దొరికే ప్రతి వస్తువూ అవసరమైనదా అన్న విచక్షణ తల్లిదండ్రులకు కావాలి. అందుకు ముందుగా ఎండలో ఏమున్నదో తెలుసుకోవాలి.

సూర్యకాంతిలో కంటికి కనబడే వెలుగు, ఒంటికి తగిలే వేడిమి మాత్రమే కాక, కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలు కూడా ఉన్నవి. వీటి ఉనికిని 1801వ సంవత్సరంలో జర్మన్ శాస్త్రజ్ఞుడు రిట్టర్ కనుగొన్నాడు. వీటిలో యు.వి.సి. అనే తీవ్రమైన తరగతిని భూమిపైనున్న ఓజోన్ పొర పూర్తిగా అడ్డగిస్తుంది. యు.వి.బి. కొంతవరకు నేలకు చేరుతుంది. చర్మం కమిలిపోవడానికి ముఖ్య కారణం ఇదే. యు.వి.ఎ. మరింత లోతుగా చర్మంలోకి చొచ్చుకొనిపోయి, కాలక్రమంలో ముడతలకు, మచ్చలకు కారణమవుతుంది. ఈ రెండూ చర్మకణాలలోని జన్యుపదార్థాన్ని గాయపరచగలవు. శరీరం ఆ గాయాలను చాలావరకు తానే సరిచేసుకుంటుంది. సరికానివి ఏళ్ల తరబడి పోగుపడితే కొందరిలో చర్మ క్యాన్సర్‌కు దారితీస్తాయి.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం గుర్తుంచుకోవాలి. వేడిమి వేరు, అతినీలలోహిత కిరణం వేరు. మబ్బు పట్టినందువల్ల చల్లగా అనిపించిన రోజున కూడా పలుచని మేఘం గుండా ఈ కిరణాలు చాలావరకు దిగివస్తాయి. కనుక ఒంటికి తగిలే వేడిని బట్టి వాటిని కొలవడం సాధ్యం కాదు. నీడను బట్టి కొలవవచ్చును. బాలుని నీడ అతని ఎత్తు కంటె పొడవుగా ఉంటే ఈ కిరణాల తీవ్రత తక్కువ. నీడ పొట్టిదైతే తీవ్రత ఎక్కువ. మూడవ తరగతి పిల్లవాడు కూడా పెరట్లో నిలబడి చేయగలిగిన పరీక్ష ఇది.

షోలాపూర్ నగరం భూమధ్యరేఖకు ఉత్తరంగా పదిహేడున్నర డిగ్రీలకు కొంచెం పైన ఉన్నది. కాబట్టి ఏటా రెండు పర్యాయాలు, మే రెండవ వారంలోను, ఆగస్టు మొదటి వారంలోను, సూర్యుడు ఈ నగరానికి సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడు. ఆ రోజులలో మధ్యాహ్నం పన్నెండున్నర ప్రాంతంలో నిట్టనిలువు స్తంభానికి నీడే కనబడదు. మే నెలలో ఉదయం తొమ్మిదింబావు మొదలు మధ్యాహ్నం మూడున్నర వరకు మనిషి నీడ మనిషి కంటె పొట్టిగానే ఉంటుంది. అదే డిసెంబరు చివరలో నీడ పొట్టిగా ఉండేది పగటి నడుమ రెండున్నర గంటలు మాత్రమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో ప్రచురించిన సూచిక ప్రకారం అతినీలలోహిత కిరణాల తీవ్రత 11 దాటితే అది అత్యంత తీవ్రం. షోలాపూర్ వేసవి మధ్యాహ్నాలు ఆ కోవకు చెందినవే. శ్రావణ పూర్ణిమ నాటి మార్కండేయ రథోత్సవంలో పిల్లలు పెద్దల వెంట ఊరేగింపులో నడిచే కాలంలో కూడా సూర్యుడు నడినెత్తికి దగ్గరలోనే ఉంటాడు. వానాకాలమని ఏమరుపాటు తగదు.

ఇంతటి ఎండలో తరతరాలుగా బ్రతికిన జనానికి ప్రకృతి ఒక కవచం ఇచ్చింది. అదే మెలనిన్ అనే రంగు పదార్థం. చామనఛాయ అయినా, నలుపు అయినా ఆ రంగు చర్మానికి లోపం కాదు. అది లోపలి కణాలకు పట్టిన గొడుగు. ఈ కవచం వల్లనే తెల్లజాతుల వారితో పోలిస్తే భారతీయులలో చర్మ క్యాన్సర్ చాలా అరుదు. అయితే ఈ కవచానికి కూడా హద్దు ఉన్నది. అత్యంత నల్లని చర్మపు పైపొర ఇచ్చే రక్షణ ఎస్.పి.ఎఫ్. 13 పాటిదని 1979లో వెలువడిన ఒక పరిశోధన లెక్కగట్టింది. చామనఛాయ చర్మానికి అంతకంటె తక్కువే. గోధుమవన్నె చర్మం కూడా ఎండకు కములుతుంది. కాని ఎరుపు సులభంగా కనబడదు. మంట, బిగువు, ఆ తరువాత పొట్టు రేగడం: ఇవే గుర్తులు.

ఎస్.పి.ఎఫ్. అన్న మాట వచ్చింది గనుక దాని అర్థం కూడా చెప్పుకోవాలి. లేపనం పూసిన చర్మం కమలడానికి, పూయని చర్మం కంటె ఎన్ని రెట్లు అధిక కిరణశక్తి అవసరమో తెలిపే అంకె అది. ఎస్.పి.ఎఫ్. 15 గల లేపనం కమిలించే కిరణాలలో సుమారు 93 శాతాన్ని ఆపుతుంది. 30 అయితే 97 శాతం, 50 అయితే 98 శాతం. అంటే 30 నుండి 50కి పోయినందువల్ల కలిగే అదనపు లాభం స్వల్పం. ఈ అంకె ప్రధానంగా యు.వి.బి.కి సంబంధించినది. యు.వి.ఎ. నుండి రక్షణ ఉన్నదో లేదో తెలియడానికి గొట్టం మీద "బ్రాడ్ స్పెక్ట్రమ్" అన్న మాట గాని, "పి.ఎ." తరువాత కూడిక గుర్తులు గాని చూడాలి.

ఈ లేపనం నిజంగా పనిచేస్తుందా? పనిచేస్తుంది. ఇందుకు బలమైన సాక్ష్యం ఆస్ట్రేలియాలోని నాంబూర్ పట్టణంలో లభించింది. 1992లో అక్కడ 1,621 మంది వయోజనులను చీటీలు వేసినట్లుగా వర్గాలుగా విభజించి, కొందరిని ప్రతిదినం సన్‌స్క్రీన్ రాసుకొమ్మన్నారు. తక్కినవారిని వారి అలవాటుకు వదిలిపెట్టారు. నాలుగున్నర సంవత్సరాల తరువాత చూస్తే, ప్రతిదినం రాసుకున్న వారిలో ఒక రకం చర్మ క్యాన్సర్ గడ్డలు సుమారు 40 శాతం తక్కువగా కనిపించాయి. అటు తరువాత మరి పదేళ్లు గమనించి 2011లో ప్రకటించిన ఫలితాలలో, ప్రాణాంతకమైన మెలనోమా కూడా వారిలో దాదాపు సగానికి తగ్గినట్లు తేలింది.

అయితే ఈ ఫలితాన్ని యథాతథంగా జోడ్‌భావి పేట పిల్లలకు అన్వయించడం న్యాయం కాదు. ఆ పరీక్షలో పాల్గొన్నవారు పెద్దలు. అత్యధికులు తెల్లని చర్మం గలవారు. మెలనిన్ కవచం గల పిల్లలకు క్యాన్సర్ విషయంలో అంతటి లాభం కలుగుతుందని చెప్పడానికి అటువంటి ఆధారం లేదు. పేట పిల్లలకు ఈ లేపనం వల్ల ప్రత్యక్షంగా కలిగే మేలు వేరే ఉన్నది: కమలడం తగ్గుతుంది, ఎండ పొక్కులు తగ్గుతాయి, మచ్చలు ముదరకుండా ఉంటాయి. మేలు నిజమే, కాని హద్దు గల మేలు.

ఇక క్షేమం మాట. సన్‌స్క్రీన్ పదార్థాలు రెండు తెగలు. జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ అనే ఖనిజ పదార్థాలు ఒక తెగ. ఇవి చర్మం మీదనే నిలిచి కిరణాలను అడ్డుకుంటాయి. చర్మం గుండా లోనికి ఇంకడం అత్యల్పం. జింక్ ఆక్సైడ్ తల్లులకు కొత్తది కాదు. పసిబిడ్డల తొడల మీది ఒరపులకు రాసే తెల్లని మందులోను, గులాబి రంగు కాలమైన్ లోషన్‌లోను ఉన్నది అదే. ఆక్సిబెంజోన్, అవోబెంజోన్ వంటి రసాయన పదార్థాలు రెండవ తెగ. 2019లోను, 2020లోను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ శాస్త్రజ్ఞులు జరిపిన పరీక్షలలో ఈ రెండవ తెగ పదార్థాలు కొన్ని రక్తంలోకి చేరుతున్నట్లు తేలింది. చేరడం వేరు, హాని చేయడం వేరు. హాని జరిగినట్లు ఆ పరీక్షలు చెప్పలేదు. మరింత సమాచారం కావాలని మాత్రమే ఆ సంస్థ కోరింది. అదే సంస్థ 2019లో చేసిన ప్రతిపాదనలో ఖనిజ పదార్థాలు రెండింటినీ సురక్షితమైనవిగా పేర్కొన్నది. కాబట్టి బాలల కొరకు జింక్ ఆక్సైడ్ గాని, టైటానియం డయాక్సైడ్ గాని గల లేపనాన్ని ఎంచుకోవడం వివేకం. ముఖం కొంచెం తెల్లగా కనబడవచ్చును. అంతకు మించి నష్టం లేదు.

మూడు జాగ్రత్తలు తప్పనిసరి. మొదటిది, ఆరు నెలల లోపు శిశువుకు సన్‌స్క్రీన్ రాయరాదు. పసిబిడ్డకు నీడ, పలుచని నూలు వస్త్రం, తల్లి చెంగు చాలును. రెండవది, పిల్లలకు స్ప్రే రూపంలో ఉన్నవి వాడరాదు. పిచికారీ తుంపర ఊపిరితో లోనికి పోతుంది. 2021లో అమెరికాలో కొన్ని స్ప్రే సన్‌స్క్రీన్‌లలో బెంజీన్ అనే హానికర పదార్థం కనబడి, వాటిని మార్కెట్టు నుండి ఉపసంహరించిన ఉదంతం కూడా ఉన్నది. మూడవది, కొత్త లేపనాన్ని ముందుగా మోచేతి లోపలి వైపు కొద్దిగా రాసి ఒక రోజు చూడాలి. దురద గాని దద్దు గాని కనబడితే దానిని వదలివేయాలి. బీడీలు చుట్టే తల్లులు పొగాకు ధూళి అంటిన చేతులను సబ్బుతో కడుక్కొన్న తరువాతనే బిడ్డ ముఖానికి లేపనం రాయాలన్నది కూడా ఇక్కడ చెప్పదగిన మాట.

రాసే పద్ధతి తెలియకపోతే కొన్న డబ్బు వృథా. ఎస్.పి.ఎఫ్. అంకెను పరీక్షాశాలలో నిర్ణయించేటప్పుడు ఒక చదరపు సెంటీమీటరు చర్మానికి 2 మిల్లీగ్రాముల చొప్పున పూస్తారు. ఇళ్లలో సాధారణంగా పూసేది అందులో సగం గాని, అంతకు తక్కువ గాని. బొటికన వ్రేలితో బొట్టు పెట్టినట్లు రాసి 50 అంకె గల రక్షణ లభించిందని భావించడం భ్రమ. పదేళ్ల బాలుని ముఖం, మెడ, చేతులు సరిగా కప్పడానికి ఒక్క పర్యాయానికి సుమారు 4 గ్రాములు కావాలి. ఎండలోకి పోవడానికి పావుగంట ముందు రాయాలి. చెమట పట్టినా, ముఖం తుడుచుకున్నా, రెండు గంటలు దాటినా మరల రాయాలి. ఈ లెక్కన 50 గ్రాముల గొట్టం రోజుకు ఒక్కసారి రాసినా రెండు వారాలు రాదు. ఇద్దరు ముగ్గురు పిల్లలున్న మరమగ్గం కార్మికుని ఇంట్లో ఇది చిన్న ఖర్చు కాదు. ఈ ఖర్చు పెట్టలేని తల్లి తన బిడ్డకు అన్యాయం చేస్తున్నానని కుమిలిపోవలసిన పని లేదు. ఎందుకంటే లేపనం కంటె ముందు వరుసలో నిలిచే రక్షణలు మూడు ఉన్నవి. అవి వేళ, నీడ, వస్త్రం.

వస్త్రాన్ని గూర్చి ఈ పేటకు చెప్పడం సాహసమే. చాదర్లకు, తువ్వాళ్లకు దేశమంతటా పేరు గడించి, భౌగోళిక సూచిక గుర్తింపు పొందిన నగరం ఇది. నేత ఎంత చిక్కనిదో చేతితో తడిమి చెప్పగల పెద్దలు ఈ సభలోనే ఉన్నారు. వారి విద్యే ఇక్కడ పనికివస్తుంది. గుడ్డను వెలుగుకెదురుగా పట్టి చూసినప్పుడు పడుగు, పేకల నడుమ వెలుగు చుక్కలు కనబడితే ఆ సందుల గుండా కిరణాలు కూడా దూరతాయి. నేత బిగువైనకొద్దీ రక్షణ పెరుగుతుంది. లేపనానికి ఎస్.పి.ఎఫ్. వలె వస్త్రానికి యు.పి.ఎఫ్. అనే కొలత ఉన్నది. 1996లో ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ దేశాలు దీనికి ప్రమాణాన్ని రూపొందించాయి. పలుచని తెల్ల నూలు చొక్కా ఇచ్చే రక్షణ ఈ కొలతలో చాలా తక్కువ. చెమటకో నీళ్లకో తడిస్తే మరీ తగ్గుతుంది. చిక్కగా నేసిన ముదురు రంగు వస్త్రం యాభైని అవలీలగా దాటుతుంది. బాగా తెల్లబరచిన నూలు కంటె, తెల్లబరచని ముతక నూలు ఎక్కువ రక్షణనిస్తుంది. ఈ రక్షణ చెమటకు కరిగిపోదు, రెండు గంటలకొకసారి మరల పూయనక్కరలేదు, ఒకసారి కొంటే ఏడాది పొడుగునా నిలుస్తుంది.

కనుక పొడవు చేతుల వదులైన చొక్కా, మెడను చెవులను కప్పే అంచు గల టోపీ, లేదా తడిపి పిండి తలకు చుట్టుకొన్న తుండుగుడ్డ, నల్లని గొడుగు: ఇవి పేట పిల్లలకు మొదటి సన్‌స్క్రీన్. అయితే బిగుతుగా, గాలి ఆడకుండా కప్పితే వడదెబ్బ ప్రమాదం పెరుగుతుంది. వస్త్రం చిక్కనిదై ఉండాలి. కుట్టు వదులుగా ఉండాలి.

వడదెబ్బ ప్రస్తావన వచ్చింది గనుక ఒక అపోహను తొలగించాలి. సన్‌స్క్రీన్ వడదెబ్బను ఆపదు. అది చర్మాన్ని కిరణాల నుండి కాపాడుతుందే గాని శరీరాన్ని చల్లబరచదు. ముఖానికి లేపనం రాసి మిట్టమధ్యాహ్నం మైదానానికి పంపిన పిల్లవానికి, రాయని పిల్లవానితో సమానంగానే ప్రమాదం ఉన్నది. నీళ్లు, ఉప్పు వేసిన మజ్జిగ, అంబలి, నీడలో విశ్రాంతి, వీటికి ప్రత్యామ్నాయం లేదు. తలతిరగడం, వాంతి, మాట తడబడటం, ఒళ్లు కాలిపోవడం కనబడితే నీడకు చేర్చి, తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తూ, విసురుతూ, ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. స్పృహ తప్పిన బిడ్డకు నోట నీళ్లు పోయరాదు.

ఇంటి వైద్యాలపై ఆధారపడే తల్లులకు కూడా ఒక మాట. పసుపు, శనగపిండి, కొబ్బరినూనె చర్మానికి మేలు చేసేవే కావచ్చును. కాని సన్‌స్క్రీన్ స్థానంలో వాటిని నమ్ముకోరాదు. నిమ్మరసం మాత్రం రాసి ఎండలోకి పంపడం ప్రమాదకరం. నిమ్మజాతి పండ్ల రసం అంటిన చర్మం ఎండ తగిలినప్పుడు పొక్కి, నెలల తరబడి నల్లమచ్చ నిలుస్తుంది.

ఎండకు పూర్తిగా భయపడి పిల్లలను ఇంట దాచడం మరొక పొరపాటు. ఎముకలకు బలమిచ్చే విటమిన్ డి చర్మంలో తయారయ్యేది యు.వి.బి. కిరణం వల్లనే. ఉదయం ఏడు గంటల లేత ఎండలో అది స్వల్పం. నీడ పొట్టిబడే వేళకే అది తగినంత నేలకు చేరుతుంది. ముదురు రంగు చర్మానికి మరికొంత ఎక్కువ సేపు కావాలి. కాబట్టి చర్మం కమలనంతవరకు, చేతులకు కాళ్లకు ఎండ తగిలేటట్లు, విరామ సమయంలో కొద్దిసేపు ఆరుబయట ఆడుకోవడం ఆరోగ్యమే. చలికాలంలోనైతే నిస్సంకోచంగా ఆడుకోవచ్చును. భారతదేశంలో విటమిన్ డి లోపం విస్తారంగా ఉన్నదని వైద్యులు ఎన్నో పర్యాయాలు గుర్తించారు. ఇరుకు సందులలోని ఇళ్లలో పెరిగే పిల్లలకు, ముఖ్యంగా బాలికలకు, మైదానమే ఎండ తగిలే చోటు.

బాలికల మాట వచ్చినచోట మొదట ప్రస్తావించిన రెండవ ప్రశ్నకు తిరిగి రావలసి ఉన్నది. నాలుగవ తరగతిలో ఖోఖో ఆటలో ముందుండే బాలిక, ఏడవ తరగతికి వచ్చేసరికి మైదానం అంచున కూర్చుంటుంది. అడిగితే, "ఆడితే నల్లబడతానని ఇంట్లో వద్దన్నారు" అంటుంది. సంబంధాల వేళకు రంగు తగ్గుతుందన్న భయం పన్నెండేళ్ల పిల్ల కాళ్లకు సంకెల వేస్తున్నది. ఈ భయాన్ని వ్యాపారం బాగా గుర్తించింది. "ఫెయిర్ అండ్ లవ్లీ" అనే లేపనం 1975లో భారతీయ విపణిలోకి వచ్చింది. 2020లో దాని పేరులో "ఫెయిర్" అన్న మాట తొలగి "గ్లో" అయింది. పేరు మారినంత త్వరగా మనస్సులు మారలేదు. తెల్లబరచే లేపనం వేరు, సన్‌స్క్రీన్ వేరు. సన్‌స్క్రీన్ పుట్టిన రంగును మార్చదు, మార్చవలసిన అవసరమూ లేదు. తెల్లబరుస్తామని చెప్పే చౌక లేపనాలు కొన్నింటిలో పాదరసం ఉంటుంది. అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. వైద్యుని చీటీ లేకుండా కొని ముఖానికి రాసే స్టిరాయిడ్ లేపనాలు చర్మాన్ని పలుచన చేసి, ఎండకు మరింత లోకువ చేస్తాయి. బిడ్డ ముఖానికి ఏది రాసినా గొట్టం మీది మాటలు చదవాలి. చదువు రాని తల్లి చదువుకున్న బిడ్డ చేత చదివించుకోవాలి. డెబ్బదియైదేళ్ల విద్యకు అదొక సార్థకత.

మరి సన్‌స్క్రీన్ ఎవరికి తప్పనిసరి? చర్మంలో మెలనిన్ లేకుండా, లేదా అత్యల్పంగా పుట్టిన ఆల్బినిజం గల పిల్లలకు. తెల్లమచ్చలు గల పిల్లలకు. ఎండ తగలగానే పొక్కులు వచ్చే తత్త్వం గలవారికి. లూపస్ వంటి వ్యాధులు ఉన్నవారికి, డాక్సిసైక్లిన్ వంటి కొన్ని మందులు వాడుతున్నవారికి. పోటీల కొరకు గంటల తరబడి మైదానంలో సాధన చేసే క్రీడాకారులకు కూడా అది ఉపయుక్తమే. ఆల్బినిజం గల బిడ్డ విషయంలో సన్‌స్క్రీన్ సౌందర్య సాధనం కాదు, ఔషధం. ఆ బిడ్డకు ప్రకృతి కవచం లేదు. చిన్ననాటి నుండే కాపాడకపోతే యౌవనంలోనే చర్మ క్యాన్సర్ దాపురించే ప్రమాదం ఉన్నది. ఐక్యరాజ్యసమితి 2015 నుండి ఏటా జూన్ 13వ తేదీని ఈ లక్షణం గలవారి కొరకు అంతర్జాతీయ అవగాహన దినంగా పాటిస్తున్నది. ఆ బిడ్డకు ఎస్.పి.ఎఫ్. 30కి తగ్గని లేపనం, పొడవు చేతుల చొక్కా, వెడల్పు అంచు టోపీ, కంటి వైద్యుని పరీక్ష, తరగతిలో ముందు బల్ల కావాలి. వీటన్నిటి కంటె ముఖ్యంగా తోటి పిల్లల స్నేహం కావాలి. తోటివారందరూ పన్నెండు గంటల ఎండలో ఆడుతుంటే ఆ బిడ్డ ఒంటరిగా వరండాలో కూర్చుంటుంది. అదే ఆటను ఉదయం ఎనిమిదిన్నరకు మార్చితే ఆ బిడ్డ కూడా ఆడుతుంది, తక్కిన పిల్లలకూ వడదెబ్బ తప్పుతుంది.

ఇక్కడే పాఠశాల బాధ్యత తేటపడుతుంది. వేసవిలో ప్రార్థన సమావేశం నీడలో జరగాలి. ఆటల వేళ నీడ పొట్టిబడక ముందే ముగియాలి. క్రీడోత్సవం చలికాలంలోనే ఉండాలి. ఏకరూప దుస్తులలో పొడవు చేతుల చొక్కాకు, టోపీకి అనుమతి ఉండాలి. అవసరమైన బిడ్డ తన లేపనాన్ని సంచిలో తెచ్చుకొని మధ్యాహ్నం మరల రాసుకుంటే ఎవరూ నవ్వకుండా చూడటం ఉపాధ్యాయుల వంతు. పూర్వ విద్యార్థులలో వితరణశీలురు ఉన్నారు. శిలాఫలకాల వలెనే చెట్లు కూడా దాతల పేరు నిలుపుతాయి. మైదానం చుట్టూ వేప, కానుగ మొక్కలు నాటి, మూడేళ్లు నీళ్లు పోయించే ఏర్పాటు చేస్తే రాబోయే తరాలు వారిని తలచుకుంటాయి. ఈ లేపనం కొనలేని ఇంట ఆల్బినిజం గల బిడ్డ ఉంటే, ఆ బిడ్డకు ఏడాది పొడుగునా అది అందేటట్లు చూడటం జూబిలీ నిధి చేయగల సత్కార్యాలలో మిన్నయైనది.

సంగ్రహంగా చెప్పవలసివస్తే, సరైనది ఎంచుకొని సరిగా రాస్తే సన్‌స్క్రీన్ ఆరు నెలలు దాటిన బిడ్డకు సురక్షితమే, ఉపయోగకరమే. ఎక్కువమంది పేట పిల్లలకు అది వేళకు, నీడకు, వస్త్రానికి తరువాతి స్థానంలో నిలిచే సహాయకారి. కొందరు పిల్లలకు మాత్రం అది లేక గడవని మందు. ఏ బిడ్డకు ఏది అవసరమో గుర్తించడమే పెద్దల పని. రంగు కొరకు దానిని కొనవద్దు. రంగు భయంతో ఆడపిల్లను ఆట మాన్పించవద్దు.

రేపు ఇంటికి వెళ్లిన తరువాత తల్లిదండ్రులు తమ బిడ్డను వాకిట నిలబెట్టి, నీడ ఎంత ఉన్నదో ఒకసారి బిడ్డ చేతనే కొలిపించవలసిందిగా సవినయ మనవి. నీడ పొడవుగా ఉంటే ఆటకు పంపాలి. పొట్టిగా ఉంటే టోపీ పెట్టి, నీళ్లిచ్చి, నీడ పట్టున ఆడుకొమ్మని చెప్పాలి.